గొల్ల కోకిల వచ్చిన మర్నాడు

మొన్న పొద్దున మిర్యాలగూడలో మా డాబా మీద వేపపుల్లతో పళ్లు తోముకుంటుంటే కాలువ వైపు నుంచి ఒక కూత వినిపించింది. "పియ్యూ, పియ్యూ, పీపీ పియ్యూ" అని సన్నగా, చెవిలో గుచ్చుకునేలా. నోట్లో పుల్ల అలాగే ఆగిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఒళ్లంతా చెమట. కోడలు కింది నుంచి "మామయ్యా, కాఫీ చల్లారిపోతోంది" అని రెండుసార్లు పిలిచింది. నేను దిగి వెళ్లి ముందు కాగితం తీసి ఆనాటి తేదీ వేసి, పక్కన "విన్నాను, చూడలేదు" అని రాసుకున్నాకే కాఫీ ముట్టుకున్నాను. ఎనభై దాటిన ముసలి వకీలుకు ఇదేం చాదస్తమని మా ఇంట్లో వాళ్లు చాటుగా నవ్వుకుంటారు. చాటుగానేం, ఎదురుగానే నవ్వుతారు. ఈ చాదస్తాన్ని నాకు అంటించినవారు మా పెద్దవకీలు అనంతరెడ్డిగారు. ఆయన్ను దగ్గరగా చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. నేను కూడా పోకముందే ఆయన గురించి నాలుగు మాటలు రాసిపెట్టాలని అనిపించింది.

ఆయనది వేములపల్లి దగ్గర ఒక ఊరు. ఇప్పుడు అక్కడ ఎటు చూసినా వరిచేలే గానీ, కాలువ రాకముందు అదంతా బీడు, రేగుకంపలు, తుమ్మలు. ఊరి పటేల్‌గిరీ మూడు తరాలుగా వాళ్లింట్లోనే ఉంది. ఆయనకు ఆరేళ్లప్పుడు తండ్రి పోతే అన్న పెంచాడు. అన్నకూ తమ్ముడికీ పదహారేళ్లు తేడా. ఊరంతా పెద్దపటేల్ అని పిలిచే ఆ మనిషి తాను నాలుగో తరగతి దాటకపోయినా తమ్ముణ్ణి హైదరాబాదు పంపి ఉర్దూ, ఫార్సీ, చట్టం చదివించాడు. తమ్ముడు సూర్యాపేటలో వకాలత్ మొదలుపెట్టిన రోజున ఊరందరికీ విస్తళ్లు వేయించాడు. "నాకు ఆయన అన్న కాదు శేషయ్యా, నాయిన" అని అనంతరెడ్డిగారు నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

నాది కోదాడ. వకాలత్ పరీక్ష గట్టెక్కి ఆయన దగ్గర జూనియర్‌గా చేరేనాటికి నాకు ఇరవైమూడేళ్లు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. మా తాలూకాలన్నీ నైజాం ఏలుబడిలో ఉండేవి, కచేరీలో, అంటే కోర్టులో, రాతకోతలన్నీ ఉర్దూలోనే జరిగేవి. నల్ల షేర్వాణీ, నిగనిగలాడే బూట్లు వేసుకుని ఆయన కచేరీ మెట్లెక్కుతుంటే ఎదుటి పక్షం సాక్షులు తమ వకీలు చాటుకు జరిగేవారు. ఎంతటి గట్టి సాక్షినైనా పది ప్రశ్నల్లో తడబడేట్టు చేసేవారు. నా కోదాడ మాట ఆయనకు వేళాకోళం. "మీ దిక్కోళ్లకు అండీలెక్కువ, సంగతి తక్కువ" అనేవారు. నేను మురిసిపోయేవాణ్ణి. దేవుణ్ణి చూసినట్టు చూసేవాణ్ణి ఆయన్ను.

నేను చేరిన కొద్దిరోజులకే మల్లయ్య దావా విచారణకు వచ్చింది. మల్లయ్య అదే ఊరి గొల్ల. ఊరి పశువులూ గొర్లూ మేయడానికి వదిలిన నేలను మా వైపు బంచరాయి అంటారు. అది ఎవరి పట్టా కాదు. ఆ బంచరాయిని పెద్దపటేల్ అరకలు కట్టి దున్నేయించాడు. ఇరవై గొల్ల ఇళ్ల గొర్లకు మేత పోయింది. అందరి తరఫునా మల్లయ్య కచేరీకెక్కాడు. పటేల్ వైపు వకీలు స్వయానా తమ్ముడే. నేల చేజారిన ఆర్నెల్లలోపు దావా వేయాలన్నది చట్టం. మల్లయ్య వేసింది కార్తీకంలో. తొలకరికి ముందు దున్నారని మల్లయ్య అంటాడు, అలాగైతే దావా గడువులో ఉన్నట్టే. ఉగాది వెళ్లగానే దున్నించానని పెద్దపటేల్ అంటాడు, అదైతే గడువు దాటినట్టే. దున్నినరోజు ఏదన్న దాని మీదే మొత్తం దావా నిలబడి ఉంది.

"ఎప్పుడు దున్నిండ్రు?" అని అడిగారు అనంతరెడ్డిగారు.

"గొల్ల కోకిల వచ్చిన మర్నాడు దొరా" అన్నాడు మల్లయ్య.

"నెల చెప్పు. ఖుర్దాదా, అమర్దాదా?" కచేరీలో వాడే ఆ ఫసలీ నెలల్లో మొదటిది ఏప్రిల్‌లో వస్తుంది, రెండోది జూన్‌లో.

"ఆ పేర్లు నాకెర్కలేదు. గొల్ల కోకిల వచ్చింది, మర్నాడు అరకలు గట్టిండ్రు, ఇంక రెండు దినాలకు వాన వడ్డది."

"ఎట్లుంటది ఆ పిట్ట?"

"నెత్తిన జుట్టు, పైన నలుపు, కింద తెలుపు. ఎండకాలంల కానరాదు. వాన ముంగట వస్తది, చలికి వోతది."

అనంతరెడ్డిగారు జనం వైపు తిరిగారు. "ఈ కచేరీల గా పిట్టను ఎవరన్న సూసిండ్రా?" గుమాస్తాలు, వకీళ్లు, హైదరాబాదు నుంచి వచ్చిన మున్సిఫ్ సాహెబ్ అందరూ తలలూపారు, లేదని. "తారీఖు తెల్వదు, నెల తెల్వదు. ఎవ్వరూ సూడని పిట్ట మాత్రం తెలుసు. అదన్నా ఏం పిట్ట, ఆయన కులపుదే!" కచేరీ గొల్లుమంది. నేను కూడా నవ్వాను. మా పెద్దవకీలు వేసిన జోకు కదా, అందరికంటే గట్టిగానే నవ్వాను. మల్లయ్య నవ్వులు ఆగేదాకా నిలబడి, "నవ్వుండ్రి దొరా. మీరు సూడకుంటే అది రాకుంట ఉంటదా?" అన్నాడు. ఆ మాటను ఎవరూ రికార్డులో రాయలేదు. గడువు దాటిందని దావా కొట్టేశారు.

ఆ యేడు జూన్‌లో నేనూ ఆయనా సూర్యాపేట నుంచి ఎడ్లబండి మీద ఆయన ఊరికి బయల్దేరాం. వేములపల్లి ఇంకా కోసెడు దూరముందనగా రేగుపొద మీద నుంచి ఈ కూతే వినిపించింది. ఆయన పట్టించుకోలేదు. తర్వాత పిట్ట ఎగిరి బండికి ఎదురుగా తుమ్మకొమ్మ మీద వాలింది. నెత్తిన జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. పైన నలుపు, కింద తెలుపు. "ఇదేం పిట్టరా?" అని అడిగారు. బండివాడు వెనక్కి కూడా తిరక్కుండా "గొల్ల కోకిల దొరా. ఇగ వాన వస్తది" అన్నాడు.

ఆయన బండి ఆపించి దిగారు. ఆ బూట్లతో, ఆ షేర్వాణీతో పిట్ట వెంట కంపల్లోకి నడిచారు. తిరిగొచ్చేసరికి బట్టలు చిరిగిపోయి, ముంజేతుల నిండా ముళ్ల గీతలు.  ఊరు చేరిన రెండోరోజు మధ్యాహ్నం వాన పడింది. అందరూ చూరు కిందికి పరుగెత్తితే ఆయన వాకిట్లోనే నిలబడి తడుస్తున్నారు. "శేషయ్యా, గాయన నిజం చెప్పిండు. మనం ఓడగొట్టింది నిజాన్నే" అన్నారు. ఆ ముఖం చూస్తే నాకు భయమేసింది.

అదే పూట అన్న దగ్గరికి వెళ్లి బంచరాయి విడిచిపెట్టమని అడిగారు. పెద్దపటేల్ చుట్ట ఆర్పకుండానే "కచేరీ ఇచ్చింది తమ్మీ. ఇప్పిచ్చింది నువ్వే" అన్నాడు. బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, వెంటనే తిరిగి విచారణ కోరదామండీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అన్న నోట ఒక్కసారి విన్న మాట పట్టుకొని మల్లయ్య నేల తీసిన. ఒక్కసారి సూసిన పిట్టను పట్టుకొని మా అన్నను ఎట్ల దోషి జేయాలె? మళ్ల వస్తదా, గదే దినాలల్ల వస్తదా, సూడాలె" అన్నారు. అలా తనకు తానే మూడు వానాకాలాల వాయిదా వేసుకున్నారు.

మర్నాడు మల్లయ్య గుడిసె ముందు నిలబడి "నాకు పిట్టలు సూపియ్యి మల్లయ్యా" అని అడిగారు. "ఎందుకు దొరా, మళ్లొకసారి నవ్వనీకా?" అన్నాడు మల్లయ్య. ఆయన తల దించుకున్నారు. మల్లయ్య గొర్లను తోలుకుని నడిచాడు, ఈయన వెనకాలే నడిచారు. సూర్యాపేటలో సాక్షుల్ని గడగడలాడించిన మనిషి సాయంత్రం దాకా గొర్ల మంద వెనక దుమ్ము మింగుతూ తిరిగితే, మల్లయ్య ఆయనతో మాట్లాడింది మూడో రోజున.

ఆయన పద్ధతి వకీలు పద్ధతే. కచేరీ కాగితాలు కుట్టి పుస్తకం చేసి, పేజీని మూడు భాగాలు చేసేవారు. చూసింది ఒకచోట, విన్నది ఒకచోట, అనుకున్నది ఒకచోట. ఒకదానిలోది ఇంకోదానిలోకి రానిచ్చేవారు కాదు. ఒకసారి నేను "చెట్టు మీద గూడు ఉంది" అని చెబితే "గూడు సూసినవా, పుల్లలు సూసినవా?" అని అడ్డప్రశ్న వేశారు. గొల్ల కోకిల తన గుడ్లను వేరే పిట్టల గూట్లో పెడుతుందని మల్లయ్య మొదటి యేడే చెప్పాడు. అది విన్నవాటిలోనే రెండేళ్లు ఉండిపోయింది. ఒకరోజు నన్ను పిలిపించి మోకాళ్ల మీద పాకించుకుంటూ పొద దగ్గరికి తీసుకెళ్లారు. మట్టిరంగు పిట్ట ఒకటి, తనకన్నా పెద్దదైన పిల్ల నోట్లో పురుగు పెడుతోంది. పిల్ల నెత్తిన అప్పుడే జుట్టు మొలుస్తోంది. పక్కకు చూస్తే ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు. లేచి ఆ సంగతిని విన్నవాటిలో కొట్టేసి చూసినవాటిలో రాశారు. తేదీ వేశారు, సంతకం చేశారు, కింద మల్లయ్య వేలిముద్ర తీసుకున్నారు. అంత గౌరవంగా ఒక గొర్రెలకాపరి వేలిముద్ర తీసుకున్న వకీలును నేను ఇంకెక్కడా చూడలేదు.

కక్షిదారులు తగ్గిపోయారు. "వకీలు సాబ్ ఏడున్నడు?" అని వచ్చినవాళ్లకు "ఏ తుమ్మ కింద ఉన్నారో వెతుక్కోండి" అని చెప్పడమే నా పనైంది. పైగా రోజులు మంచివి కావు. ఊళ్లు తగలబడుతున్నాయి, రాత్రికి ఎవరు ఎవరి ఇంటి మీద పడతారో తెలియదు. అలాంటప్పుడు గుట్టల్లో దుర్భిణి పట్టుకుని తిరిగే మనిషిని ఎవరు నమ్ముతారు? ఒకరోజు పోలీసులు పట్టుకెళ్లి ఆయన పుస్తకం చదివారు. "పొద్దున జంట వచ్చింది. ఒకటి పొదలో దాగింది. రెండోది కాపలా కాసింది" అని ఉంది. గుట్టల్లో దాగిన దళంవాళ్లనుకుని, ఆ జంట ఎవరని రెండు దెబ్బలు వేశారు. ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఆఖరికి మల్లయ్య వెళ్లి ఠాణా ముందు కూర్చుని "ఆయనకు పిట్టల పిచ్చి సారూ. నేనే తిప్పుతున్న" అని సాక్ష్యం చెప్పాడు. మల్లయ్య మాట నమ్మి వదిలేశారు. "సూసినవా శేషయ్యా, నేను నమ్మని మనిషి మాట మీద నాకు పానం దక్కింది" అన్నారు వాచిన దవడతో నవ్వుతూ.

సైన్యం వచ్చి సర్కారు మారింది. మూడో వానాకాలం కూడా గడిచింది. ఆ చలికాలంలో ఆయన షేర్వాణీ విప్పి కొయ్యకు తగిలించి, ఇక వకాలత్ చేయనన్నారు. దస్త్రాలన్నీ నాకు అప్పగించారు. వాటిలో పెద్దపటేల్ దస్త్రం కూడా ఉంది. మల్లయ్య తిరిగి విచారణకు దరఖాస్తు పెట్టాడని, తాను అతని వైపు సాక్షినని అప్పుడు చెప్పారు.

"అయితే ఇది నేను ముట్టుకోనండీ. మీ మీద నేనెలా నిలబడతాను?" అన్నాను.

"నువ్వే నిలబడాలె. మా అన్నకు మంచి వకీలు కావాలె. నా మొఖం సూసి మెత్తగ అడిగితివా, ఇగ నా గడప తొక్కకు" అన్నారు.

పెద్దపటేల్ కూడా నన్నే ఒప్పుకున్నాడు. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. ఏడాదికొకటిగా ఆయన రాసిన మూడు పుస్తకాలూ ఇంటికి తెచ్చుకుని వారంరోజులు చదివాను. మూడేళ్లలోనూ ఆ పిట్ట మొదటి కూత, మొదటి చూపు తొలకరికి ముందే, కొద్దిరోజుల తేడాతో ఉన్నాయి. ఉగాది రోజుల్లో ఎక్కడా లేదు. తప్పు పట్టడానికి సందు లేదు. ఒక్కటి తప్ప. పుస్తకం మొదలైంది దావా ఓడిన తర్వాత. తగాదా జరిగిన యేడు ఆయన ఆ పిట్టను చూడనే లేదు, ఆ రోజుల్లో సూర్యాపేటలో ఒక ఖూనీ కేసులో మునిగి ఉన్నానని ఎప్పుడో నాతోనే అన్నారు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

విచారణ రోజున కచేరీ కిక్కిరిసింది. మల్లయ్య గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు, వెనక గొల్లలందరూ నిలబడ్డారు. పెద్దపటేల్ నా వెనక కుర్చీలో ఉన్నాడు. ఎన్నో ఏళ్లు సాక్షుల్ని నిలబెట్టిన బోనులో అనంతరెడ్డిగారు మామూలు ధోవతితో నిలబడ్డారు. కొత్త మున్సిఫ్ పుస్తకాలు తిప్పి చూస్తూ మధ్యమధ్య ఆగి ఆసక్తిగా చదివాడు. అతను నమ్ముతున్నాడని నాకు అర్థమైంది. నేను లేచాను. 

"మీరు చూసిన మూడేళ్ల సంగతీ ఒప్పుకుంటానండీ. బంచరాయి దున్నిన యేడు ఆ పిట్ట రావడం మీరు చూశారా?"

 ఆయన మల్లయ్య వైపు చూడలేదు, అన్న వైపు చూడలేదు. నా వైపే చూశారు.

"లేదు. సూడలేదు."

"మరి ఆ యేడు వచ్చిందని ఎలా తెలుసు?"

"మల్లయ్య చెప్పంగ విన్న. ఈ కచేరీలనే విన్న. విని నవ్విన."

నేను కూర్చున్నాను. గొల్లల్లోంచి ఒక నిట్టూర్పు లేచింది. పెద్దపటేల్ చెయ్యి నా వీపు మీద తట్టింది. గెలిచామని నాకు తెలుసు. అంత హీనంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మున్సిఫ్ కలం కింద పెట్టి ఆయన్ను అడిగాడు. "చూశానని మీరు అంటే కాదనేవాడు ఇక్కడ లేడు. ఆ సంగతి మీకు తెలుసా?"

"తెలుసు హుజూర్."

"ఆ ఒక్క మాటతో మల్లయ్య దరఖాస్తు పడిపోవచ్చని తెలుసా?"

"తెలుసు."

మున్సిఫ్ చాలాసేపు రాశాడు. తర్వాత చదివి వినిపించాడు. కన్నతండ్రిలా పెంచిన అన్నకు ఎదురు నిలబడి, ఒక్క అబద్ధంతో గెలిచే వీలున్నా చూడనిదాన్ని చూశానని అనని ఈ మనిషి, చూశానని రాసినదాన్ని నమ్మకుండా ఉండటం తన వల్ల కాదన్నాడు. పిట్ట వచ్చే కాలం రుజువైంది గనక, లేని పిట్టను కల్పించాడని అప్పుడు అందరూ నవ్విన మల్లయ్య మాట నమ్మదగ్గదేననీ, అతను చెప్పిన రోజూ నిజమేననీ అన్నాడు. దావా గడువులోనే ఉందనీ, బంచరాయి ఊరికి చెందుతుందనీ తీర్పు ఇచ్చాడు. మల్లయ్య లేవబోయి లేవలేక మళ్లీ కూలబడ్డాడు. పక్కనున్నవాళ్లు ఎత్తి పట్టుకున్నారు.

పెద్దపటేల్ బయటికి వెళ్తూ తమ్ముడి ముందు ఒక్క నిమిషం ఆగాడు. "నిన్ను సదివిచ్చింది నేనే" అన్నాడు. అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్లూ తమ్ముడితో మాట్లాడలేదు. కొన్నేళ్లకు పెద్దపటేల్ పోతే, ఇంటివాళ్లు తమ్ముణ్ణి పాడె పట్టనివ్వలేదు. అనంతరెడ్డిగారు బంచరాయిలో గొర్ల మధ్య నిలబడి, దహనం అయ్యేదాకా అటే చూస్తూ ఉండిపోయారు. నేను పక్కనే ఉన్నాను. నాకు ఓదార్చడం చేతకాలేదు.

తీర్పు రోజు సాయంత్రం కచేరీ వసారాలో ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి, "క్షమించండి రెడ్డిగారూ. మీరు అబద్ధం చెప్పరని తెలిసే ఆ ప్రశ్న వేశానండీ. ఇంకొకరైతే అడిగేవాణ్ణే కాదు. మీ మంచితనాన్నే మీ మీదికి తిప్పాను" అని ఏడ్చేశాను.

"పిచ్చోడా, అన్న దస్త్రం ఇంకెవనికియ్యకుంట నీకెందుకిచ్చిన అనుకున్నవ్?" అన్నారు నా రెక్క పట్టి లేపుతూ. "అన్నకు నచ్చజెప్పిందీ నేనే. నాకు తెల్వనిది యాడ మొదలైతదో నీకొక్కనికే ఎర్క. గది అడిగేటోడు లేకుంటే నా సాక్ష్యం సగమే."

ఓడిపోవచ్చని తెలిసి, తనను ఓడించగల ఒకే ఒక్కణ్ణి వెతికి తానే తెచ్చి ఎదురుగా నిలబెట్టుకున్న మనిషి ఆయన. ఆ తర్వాత నేను నలభై ఏళ్లకు పైగా వకాలత్ చేశాను. వందలమందిని బోనులో నిలబెట్టి అడిగాను. ఎదుటివాడు నిజమే చెబుతాడన్న ఒక్క నమ్మకం మీద, వేరే ఏ ఆధారమూ లేకుండా వేసిన ప్రశ్న మాత్రం అదొక్కటే. అలాంటి ప్రశ్న వేయదగ్గ మనిషి నాకు మళ్లీ ఎదురుపడలేదు. ఎవరైనా నన్నే ఆ బోనులో నిలబెట్టి అలా అడిగితే "లేదు" అని అనగలనా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. అనగలనని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను.